పన్నెండుకి పన్నెండు గది ఎన్ని అంకణాలు?

నెల్లూరులో ఇంటి స్థలం బేరం గజాల్లో సాగదు, అంకణాల్లో సాగుతుంది. ఆరడుగులకి ఆరడుగులు, అంటే 36 చదరపు అడుగులు ఒక అంకణం. సెంటుకి పన్నెండు అంకణాలు, ఆపైన కాస్త చిల్లర. మా వైపు పిలకాయలు ఈ మాటని పుస్తకంలో చదివి నేర్చుకోరు. వసారాలో అన్నదమ్ముల స్థలం తగాదా నడుస్తుంటే మంచం మీద నిద్ర నటిస్తూ విని నేర్చుకుంటారు.

అందుకే ఎనిమిదో తరగతికి వైశాల్యాలు మొదలుపెట్టే రోజు నేను పుస్తకం తెరవను, ఒక ప్రశ్న వేస్తాను. పన్నెండడుగులకి పన్నెండడుగుల గది ఎన్ని అంకణాలు? క్లాసంతా ఒక్క గొంతుతో "రెండు సార్!" అంటుంది. ఆరు రెళ్ళు పన్నెండు, కాబట్టి రెండు. బ్యాచ్‌లు మారాయి గానీ ఆ జవాబు మారలేదు.

కొన్నేళ్ళ కిందట వెనక బెంచీలోంచి ఒకడు మాత్రం "నాలుగు" అన్నాడు. వాళ్ళ నాన్న బేల్దారి మేస్త్రి. ఎట్టా వచ్చిందిరా అంటే, "నడిమధ్యలో దారం అటొకటి ఇటొకటి లాగితే నాలుగు ముక్కలు గదా సార్" అన్నాడు. పద్దెనిమిదికి పద్దెనిమిది అయితే? తడుముకోకుండా "తొమ్మిది" అన్నాడు. నాకు భలే సంబరమేసింది. ఆ ఊపులో బోర్డు మీద ఇంకో ప్రశ్న రాశాను. ఒక చదరపు మీటరులో ఎన్ని చదరపు సెంటీమీటర్లు? వాడు కూడా మిగతా క్లాసుతో గొంతు కలిపి "వంద సార్" అన్నాడు.

పదివేలు అని చెప్పి ముందుకు పోయాను. సిలబస్ ఉంది కదా. కానీ ఆ "వంద" నన్ను వదల్లేదు. నేల మీద అంత బాగా తెలిసిన సంగతి బోర్డు దగ్గరికి వచ్చేసరికి ఏమైపోయింది? దీనికి జవాబు వెతకడమే ఉద్యోగంగా జీతం తీసుకునే మనుషులు ప్రపంచంలో ఉన్నారని అప్పటికి నాకు తెలియదు. ఇరవై ఏళ్ళుగా లెక్కలు చెబుతున్నా తెలియదు. మన దగ్గర అలాంటి ఉద్యోగం లేదు, ఉండాలి. ఇంత పొడుగ్గా రాస్తున్నది ఆ ఒక్క మాట కోసమే.

పొడవు రెట్టింపయితే వైశాల్యం కూడా రెట్టింపే అనుకోవడం నెల్లూరు పిలకాయల సొంత తప్పేమీ కాదు. బెల్జియంలోని ల్యూవెన్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఈ ఒక్క భ్రమ మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. బొమ్మ గీసి చూపించినా, జాగ్రత్త అని ముందే హెచ్చరించినా చాలామంది పిల్లలు దాన్ని వదలరని చూశారు. నేనైతే ఆ ఇరవై ఏళ్ళూ దానికి "అశ్రద్ధ" అని పేరు పెట్టి, ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను.

మేస్త్రి కొడుకు సంగతికి దగ్గరగా ఉన్నది బ్రెజిల్‌లో జరిగింది. రెసీఫె నగరంలో వీధి అంగళ్ళలో కాయలు, చిరుతిళ్ళు అమ్ముకునే అయిదుగురు పిల్లల మీద చేసిన అధ్యయనం 1985లో అచ్చయింది. పరిశోధకులు మామూలు కొనుగోలుదారుల్లా వెళ్ళి బేరమాడారు. కొబ్బరికాయ 35 అయితే పది కాయలు ఎంత? పన్నెండేళ్ళ పిల్లాడు మూడు కాయలు 105, ఇంకో మూడు కలిపితే 210, ఇంకో మూడు కలిపితే 315, ఇంకొకటి కలిపితే 350 అని చెప్పాడు. 35 పక్కన సున్నా పెట్టే బడి పద్ధతి వాడి బుర్రలోకే రాలేదు. అంగట్లో ఆ పిల్లలు 98 శాతం లెక్కలు సరిగా చేశారు. అవే లెక్కలు కాగితం మీద అంకెలుగా రాసి ఇస్తే 37 శాతమే చేయగలిగారు.

ఆ వ్యాసం చదివినప్పుడు నాకు ఫలితం కంటే ఇంకోటి ఎక్కువ గుచ్చుకుంది. ఉన్నది అయిదుగురు పిల్లలు. లాబ్ లేదు, కోట్ల యంత్రం లేదు. ఉన్నదల్లా నెలనెలా జీతం వస్తూ, అంగట్లో నిలబడి కొబ్బరికాయలు బేరమాడడం కూడా నీ పనేనని పై వాళ్ళు ఒప్పుకున్న కొందరు మనుషులు. అలాంటి అంగళ్ళు ఒంగోలు కూరగాయల మార్కెట్లో ఎన్ని లేవు? అక్కడ అలా నిలబడడానికి జీతమిచ్చే ఉద్యోగమే లేదు.

ఫిజిక్సు వాళ్ళ కథ కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే సైన్సు బోధన మీద పరిశోధన అంటే "పిల్లలతో ఆటపాటలు" అనుకునేవాళ్ళు మా స్టాఫ్‌రూములోనే చాలామంది ఉన్నారు. 1992లో అమెరికాలో బలం, చలనం మీద ఒక చిన్న ప్రశ్నావళి తయారు చేశారు. లెక్కలేమీ చేయనక్కర్లేదు, మామూలు మాటల్లో ప్రశ్నలు. పైకి విసిరిన బంతి మీద గాల్లో ఉండగా ఏ బలాలు పనిచేస్తాయి, ఆ తరహావి. సూత్రాలన్నీ వచ్చిన కాలేజీ విద్యార్థులు వీటిలో బోల్తాపడ్డారు. 1998లో ఒక పరిశోధకుడు 6,000 మందికి పైగా విద్యార్థుల ఫలితాలు పోగేసి చూశాడు. కోర్సు మొదట్లో తెలియనిదాన్ని వందగా తీసుకుంటే, మామూలు ఉపన్యాస పద్ధతిలో చివరికి నేర్చుకున్నది సగటున 23 వంతులు. విద్యార్థుల చేత మాట్లాడిస్తూ, ఊహించి చెప్పమంటూ, పక్కవాడితో వాదించమంటూ నడిపిన క్లాసుల్లో అది 48 వంతులు. ఉపన్యాసం ఎంత బాగా చెప్పినా పెద్దగా తేడా రాలేదు. "ఆయన అద్భుతంగా చెబుతాడండీ" అని మనం మురిసిపోయే మాస్టార్లకి మింగుడుపడని సంగతి ఇది. అందులో నేనూ ఉన్నాను.

1999లో అమెరికన్ ఫిజికల్ సొసైటీ ఒక ప్రకటన చేసింది. ఫిజిక్సు బోధన మీద పరిశోధనకి ఫిజిక్సు విభాగాల్లోనే చోటు ఉండాలని, దాన్ని కూడా మిగతా ఫిజిక్సు పరిశోధనలాగే తూకం వేయాలని దాని సారాంశం. చూడడానికి చిన్న ప్రకటన. కానీ ఒక కుర్రవాడు ఈ దారిలోకి రావాలా వద్దా అని ఊగిసలాడుతున్నప్పుడు అలాంటి చిన్నవే తక్కెడని ఒకవైపు వంచుతాయి.

ఇప్పుడు ఆ అమ్మాయి సంగతి చెబుతాను.

నా దగ్గరే తొమ్మిది, పది చదివింది. ఎమ్మెస్సీ మ్యాథ్స్ చేసింది, తర్వాత బీఈడీ. బీఈడీ టీచింగ్ ప్రాక్టీసుకి మా బడికే వచ్చింది. అందరూ లెసన్ ప్లాన్ చార్టులు అతికించుకుంటుంటే ఈమె మాత్రం పిలకాయల పాత నోటుబుక్కులు అడిగి తీసుకుంది. ఎందుకమ్మా అంటే, "తప్పులు రాసుకుంటన్నా సార్" అంది. ఊరికే తప్పులు పోగేయడం కాదు. ఒకే పిల్లాడు ఒకే తప్పు ఎక్కడెక్కడ చేశాడు, ఎక్కడ చేయలేదు అన్నది రంగుల పెన్నులతో గుర్తులు పెట్టి రాసుకునేది. భిన్నాలు కూడమంటే పైవి పైవి, కిందివి కిందివి కూడిన పిల్ల, అర లీటరు పాలు, పావు లీటరు పాలు అని అడిగితే సరిగా ఎలా చెప్పింది? ఇలాంటివి రెండు వందల పేజీల పుస్తకం నిండా ఉన్నాయి. అంకణాల లెక్క కూడా అందులో ఉంది. ఆ మేస్త్రి కొడుకుని నేను వదిలేశాను గానీ ఆమె వదల్లేదు. మూడు సాయంత్రాలు వాడితో కూర్చుంది.

దీని మీద పీహెచ్‌డీ చేస్తానంది. సరేనని నాకు తెలిసిన ఇద్దరు ముగ్గురికి ఫోన్లు చేశాను. ఊరు, పేరు వద్దు గానీ ఒక మ్యాథ్స్ విభాగంలో పెద్దాయన మర్యాదగానే మాట్లాడాడు. "చాలా బాగుందమ్మా. కానీ ఇందులో మ్యాథమేటిక్స్ ఏదీ?" అన్నాడు. ఎడ్యుకేషన్ విభాగానికి పోతే, "ఎం.ఎడ్. లేదు కదా, ముందు అది చేసి రా" అన్నారు. రెండు విభాగాల మధ్య వరండా ఉంటుందే, ఈ చదువు ఉండేది అక్కడ. వరండాలో కుర్చీలు వేయరు.

పరిశోధన చేసేవాళ్ళకి నెలనెలా డబ్బిచ్చే ఫెలోషిప్ సంగతీ అంతే, దానికి నెట్ అనే పరీక్ష రాయాలి. సీఎస్‌ఐఆర్ నెట్‌లో ఉన్నవి అయిదు సబ్జెక్టులు. రసాయన, భూ, జీవ, గణిత, భౌతిక శాస్త్రాలు. వాటిని నేర్పడం ఎలాగన్నది వాటిలో లేదు. యూజీసీ నెట్‌లో ఎడ్యుకేషన్ ఉంది గానీ అది విద్యాశాస్త్రం మొత్తానికి, తత్వశాస్త్రం నుంచి పాలన దాకా. జేఆర్‌ఎఫ్, అంటే జూనియర్ ఫెలోషిప్, వస్తే మాత్రం డబ్బు బాగానే ఇస్తున్నారు. 2023 జనవరి నుంచి నెలకి 37,000, సీనియర్ అయ్యాక 42,000. మొత్తం కలిపి అయిదేళ్ళు. మరి ఆరో ఏడు ఎలా? ఆ అమ్మాయి ఇంట్లో అడిగారు. వాళ్ళమ్మ నా ముందే, "ఆ చదువు చదివితే ఏ ఉద్యోగం వస్తది సార్?" అంది. ఆ తల్లికి అందరూ తెలుసు. ఎల్‌ఐసీ ఏజెంటు ఏం చేస్తాడో తెలుసు, శ్రీహరికోట రాకెట్ కేంద్రంలో పనిచేసే తన తమ్ముడు ఏం చేస్తాడో తెలుసు. ఈ ఉద్యోగం పేరు చెప్పమంటే నేను చెప్పలేకపోయాను.

ఆమె డీఎస్సీ రాసింది, వచ్చింది. స్కూల్ అసిస్టెంట్ ఉద్యోగం, మంచి ఉద్యోగమే. ఇక్కడ ఎవరికీ అన్యాయం జరగలేదు. ఆ నోటుబుక్కు మాత్రం బీరువాలోకి పోయింది.

ముంబయిలో హోమీ భాభా సైన్సు విద్యా కేంద్రం ఉంది కదా అనవచ్చు. ఉంది, 1974 నుంచి ఉంది, టాటా ఇన్‌స్టిట్యూట్ కింద. సైన్సు, గణిత విద్యలో పీహెచ్‌డీలు ఇస్తుంది. ఒలింపియాడ్‌లు నడిపేదీ అదే కాబట్టి మన కోచింగు వాళ్ళకి ఆ పేరు అలా తెలుసు, ఈ పని వల్ల తెలియదు. సైన్సు పాఠాల్లో భాష కష్టంగా ఉండడం పిల్లలకి ఎంత అడ్డమో మొదటి రోజుల్లోనే గమనించి పనిచేసిన చోటు అది. అలాంటిది దేశానికి ఒకటో రెండో ఉంటే ఆనందమే. కానీ వాళ్ళు చూసింది ఎక్కువగా మరాఠీ పిల్లల్ని. తెలుగు తరగతి గదిలో ఏం జరుగుతోందో ముంబయి నుంచి ఎలా కనిపిస్తుంది?

ఇక్కడి ప్రశ్నలు ఇక్కడివే. 2020 తర్వాత మన బడుల్లోకి ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ అదే తెలుగు. సైన్సు పాఠం చదివేటప్పుడు పిల్ల ఏ పేజీ చూస్తోంది? ఇంగ్లీషు వాక్యం మధ్యలో ఆగిపోయి తెలుగులోకి దూకుతోందా, లేక "కిరణజన్య సంయోగక్రియ" అన్న మాట చూసి భయపడి "ఫోటోసింథసిస్" వైపు పారిపోతోందా? నా క్లాసులో రెండూ చూశాను. ఒకే పిల్ల రెండూ చేయడం చూశాను. ఇది లక్షల పిల్లల సంగతి. వాళ్ళలో కొందరి పక్కన ఆరు నెలలు కూర్చుని చూసే మనిషి ఒకరు కావాలి. తీరప్రాంతం బడుల్లో ఇంకో ప్రశ్న. రొయ్యల గుంటల కాడ పెరిగిన పిల్లాడికి తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుందని, అప్పుడు ఏరియేటర్లు తిప్పకపోతే సరుకు పోతుందని తెలుసు. మొక్కలు రాత్రిపూట కూడా శ్వాసిస్తాయని పాఠంలో బట్టీ పట్టేది వాడే. ఈ రెండూ ఒకటేనని వాడికి తడుతోందా? నీళ్ళలోని నాచు రాత్రంతా ఆక్సిజన్ పీలుస్తుంది కాబట్టే ఆ ఏరియేటరు అని ఎవరైనా కలిపి చెబితే, ఆ పాఠం ఎలా ఉండాలి? దీనికి గుంట కాడికీ పోవాలి, క్లాసులోకీ పోవాలి, రెండు మూడు సార్లు పాఠం రాసి చింపాలి. రెండో శనివారాల్లో అయ్యే పని కాదు.

పాఠం రాసే పని ఎంత బరువైనదో నెల్లూరు వాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు. 1990 ప్రాంతంలో ఇక్కడ అక్షరదీపం అనే అక్షరాస్యత ఉద్యమం నడిచింది. వయోజనుల వాచకంలో సారా వల్ల చితికిన కుటుంబం కథ ఒక పాఠంగా ఉంది. దూబగుంట ఆడవాళ్ళు అది చదివి, మాట్లాడుకుని, ఊళ్ళో సారా కొట్టు మూయించారు. 1992లో మొదలైన ఆ కదలిక రాష్ట్రమంతా పాకింది. సారా వ్యతిరేక ఉద్యమం గురించి పుస్తకాలు, థీసిస్‌లు వచ్చాయి, రావలసిందే. నా మాస్టారు బుద్ధికి మాత్రం ఇంకో ప్రశ్న పుడుతుంది. అన్ని పాఠాల్లో ఆ పాఠమే ఎందుకు అంత పట్టింది? ఏ మాటల వల్ల, ఏ ప్రశ్నల వల్ల, చుట్టూ ఎలా కూర్చుని చదివినందువల్ల? లెక్కల పాఠాన్ని సారా పాఠంతో పోల్చకూడదు, తెలుసు. అయినా పోల్చాలనిపిస్తుంది.

హెడ్మాస్టరుగా రిటైరైన మిత్రుడొకాయన నా వాదన విని టీ గ్లాసు కింద పెట్టి, "ముందు ఖాళీ పోస్టుల్లో టీచర్లని వెయ్యమను, పరిశోధకుల సంగతి తర్వాత" అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది. ఒక్క టీచరే అయిదు తరగతులు చూసుకునే బడి నాకూ తెలుసు. కానీ ఆ టీచరు ఒక గదిలో అయిదు తరగతులకి లెక్కలు ఎలా చెప్పాలన్నది కూడా ఎవరో ఒకరు కూర్చుని తేల్చాల్సిన ప్రశ్నే. పోస్టులు నిండేదాకా దాన్ని ఆపితే, అప్పటికి ఆ పిల్లలకి పెళ్ళిళ్ళయిపోతాయి.

ఆయన రెండో మాట ఇంకా గట్టిది. "ఏ పరిశోధనా లేకుండానే మన నెల్లూరు వాళ్ళు ర్యాంకులు తేవడం లేదా?" అన్నాడు. నేనంటాను, పరిశోధన లేకుండా అని ఎవరన్నారు? కోచింగు సెంటర్లలో వారం వారం పరీక్షలు పెట్టి, ఏ ప్రశ్నలో ఎంతమంది తప్పారో, ఏ ఆప్షన్‌కి మోసపోయారో తీసి చూస్తారు. అది పరిశోధనే. దానికి జీతాలున్నాయి, కెరీర్ ఉంది, పోటీ సంస్థలు మనుషుల్ని ఎగరేసుకుపోవడమూ ఉంది. కాకపోతే ఆ కళ్ళు చూసేది ర్యాంకు వచ్చే పిల్లాడిని. "వంద సార్" అన్న మేస్త్రి కొడుకుని చూడడానికి ఎవరికీ జీతం లేదు. తెలుసుకున్నదేదో కోచింగు వాళ్ళ గోడ దాటి బయటికి రాదు కూడా.

సరే, ఏం చేయమంటావంటే, కొత్త భవనం కట్టమని నేను అడగను. శంకుస్థాపనలు చాలా చూశాం. నెల్లూరు వాళ్ళకి పల్లెపాడులో డైట్, అంటే జిల్లా విద్యా శిక్షణ సంస్థ, ఉంది, ప్రకాశం వాళ్ళకి మైనంపాడులో ఉంది. పల్లెపాడు పెన్న ఒడ్డున 1921లో గాంధీ ఆశ్రమం పెట్టిన ఊరు, ఆ పక్కన కూర్చుంటే కాస్త బుద్ధిగా పనిచేయాలనిపిస్తుంది. ఈ డైట్‌లు 1986 విద్యావిధానం వల్ల పుట్టినవి. టీచర్లకి శిక్షణ ఇవ్వడంతో పాటు క్షేత్ర పరిశోధన కూడా వాటి పనేనని మొదట్లోనే రాసుకున్నారు. శిక్షణ మిగిలింది. ఆ రెండో పనికి మనుషుల్ని ఇవ్వండి అంటాను. నలుగురు టీచర్లని మూడేళ్ళు అక్కడికి పంపండి. వారంలో మూడు రోజులు పక్క బడిలో పాఠం చెప్పాలి, తక్కిన రోజులు పిల్లల జవాబులతో కూర్చోవాలి. జీతం నష్టం ఉండకూడదు, సీనియారిటీ పోకూడదు, తిరిగొచ్చాక పాత ఊరు దొరకాలి. ఈ చివరిది చిన్న షరతనుకునేవాళ్ళు ఎప్పుడూ ట్రాన్స్‌ఫర్ కౌన్సెలింగులో కూర్చోలేదన్నమాట.

యూనివర్సిటీల్లో వరండాలో కుర్చీ వేయడం కూడా అంత కష్టం కాదు. కాకుటూరులో విక్రమ సింహపురి ఉంది, ఒంగోలులో ఆంధ్రకేసరి ఉంది. మ్యాథ్స్ నుంచి ఒక గైడు, ఎడ్యుకేషన్ నుంచి ఒక గైడు, ఇద్దరూ సంతకం పెట్టే ఒక థీసిస్. 2022 యూజీసీ నిబంధనలు ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైం పీహెచ్‌డీ చేయనిస్తున్నాయి, పై అధికారి నిరభ్యంతర పత్రం ఇస్తే చాలు. ఆ "చాలు" దగ్గరే నా సొంత కథ ఆగింది. ఒకప్పుడు నేనూ అలాంటి పత్రం కోసం అర్జీ పెట్టుకున్నాను. ఆ ఫైలు మూడు టేబుళ్ళు తిరిగి, నాలుగో టేబుల్ దగ్గర పండక్కి ఊరెళ్ళింది. మళ్ళీ తిరిగి రాలేదు. ఆడవాళ్ళకి ఆ నిబంధనల్లో రెండేళ్ళు అదనపు గడువు, 240 రోజుల ప్రసూతి సెలవు ఉన్నాయి. మంచిదే. కానీ సాయంత్రం ఆరుకి గైడు ఖాళీ అయ్యే ఊరు, ఇంటి నుంచి రెండు బస్సుల దూరంలో ఉంటే ఆ రెండేళ్ళూ బస్టాండులోనే గడిచిపోతాయి.

అన్నిటికంటే ఎక్కువ పట్టుబట్టాల్సింది పీహెచ్‌డీ అయ్యాక వచ్చే ఏళ్ళ కోసం. డిగ్రీ దాకా ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుంటారు. తర్వాత అయిదారేళ్ళు మనిషిని నిలబెట్టాలి. ఒక ఉద్యోగం, ఒక తరగతి గది, కాస్త ప్రయాణపు ఖర్చు, తనలాంటి పని చేసేవాళ్ళు నెలకోసారైనా కలిసే చోటు. ఒంటరిగా ఈ పని చేస్తే పిచ్చి పట్టినట్టుంటుందని ఆ అమ్మాయి అంటుంది, నేను నమ్ముతాను. తెలుగులో రాసినదాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. కందుకూరు టీచరు తెలుసుకున్నది కావలి టీచరు చదివేది తెలుగులోనే. విదేశీ పత్రికలో ఇంగ్లీషులో వచ్చినదానికే మార్కులు వేస్తే, మా పిలకాయల తప్పుల గురించి బెల్జియం వాళ్ళకి తెలుస్తుంది, మాకు తెలియదు.

ఒక భయం కూడా ఉంది, దాచను. ఇలాంటిదేదైనా మొదలుపెడితే మనవాళ్ళు దానికీ ఒక యాప్ తయారు చేస్తారు. ఈ నెల ఎన్ని తప్పులు సేకరించారు, ఫోటో అప్‌లోడ్ చేయండి అంటారు. అలాంటప్పుడు ఆ నోటుబుక్కు బీరువాలో ఉండడమే నయం.

మొన్న సంక్రాంతికి ఆ అమ్మాయి ఇంటికొచ్చింది, మొగుడూ బిడ్డతో. అరిసెలు తింటూ సంచీలోంచి నోటుబుక్కు తీసింది. బీరువాలోంచి ఎప్పుడు బయటికొచ్చిందో నాకు తెలియదు. ఇప్పుడది మూడోది. తన బడిలో వరండా నేల మీద సుద్దముక్కతో ఆరడుగుల గళ్ళు గీసి, పిల్లల్ని వాటిలో నిలబెట్టి అంకణాలు లెక్కపెట్టించిందట. తర్వాత అదే గడిని చిన్నది చేసుకుంటూ, అడుగు గడి, జానెడు గడి, చివరికి గ్రాఫు కాగితం దాకా తెచ్చిందట. చాలామంది జానెడు దాకా సరిగ్గా వచ్చారు. గ్రాఫు కాగితం దగ్గర మళ్ళీ "వంద".

"నేల మీంచి కాయితం మీదకి వచ్చేటప్పుడు యాడో జారిపోతాండారు సార్. అది యాడో పట్టుకోవాల" అంది. అంకణం మాట లేని ఊళ్ళలో, గజాల్లో కొలిచే గుంటూరు వైపు పిల్లల్ని కూడా ఇదే అడిగితే తేడా తెలుస్తుందట. అక్కడ వాళ్ళ ఆడపడుచు ఒక బడిలో పనిచేస్తోంది, హెడ్మాస్టరు ఒప్పుకున్నారు. పది రోజులు కావాలి. బిడ్డకి జ్వరమొచ్చినప్పుడు కొన్ని సీఎల్లు అయిపోయాయి. ఎన్ని మిగిలాయో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ ఉంది.